చొక్కా జేబులో పొట్లం

రాత్రి ఎనిమిది దాటాక మా షాపుకు వచ్చే మగవాళ్లలో కొందరిని దూరం నుంచే గుర్తుపడతాను. బండి ఆపుతారు గానీ దిగరు. ఫోన్ చూసుకుంటూ అలాగే కూర్చుంటారు. కౌంటర్ దగ్గర ఆడవాళ్లు ఉంటే వాళ్లు వెళ్లేదాకా ఆగుతారు. తర్వాత వచ్చి ముందు నాలుగు జ్వరం బిళ్ళలు అడుగుతారు. చిల్లర తీసుకునేటప్పుడు గొంతు తగ్గించి "అన్నా, అవి ఉన్నయా?" అంటారు. అవి అంటే మగతనం బిళ్ళలు. కొందరు అదీ అనరు. అరచేతిలో మడిచి పట్టుకున్న ఖాళీ స్ట్రిప్ ముక్కను కౌంటర్ మీద పెట్టి, నేను చూడగానే మళ్లీ జేబులో వేసుకుంటారు. ఇంకొందరికి బిళ్ళలంటే భయం. "ఇంగ్లీషు మందు వద్దన్నా, సైడ్ ఎఫెక్టులుంటయి. చెట్టు మందు ఏమన్నుంటే ఇయ్యి."

ఆ చివరి మాట వింటే ఇప్పుడు నాకు గుండె దడ వస్తుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దేవరకొండ బస్టాండుకు దగ్గర్లో నాది మందుల షాపు. 1999లో పెట్టాను. పాతికేళ్లు దాటింది కాబట్టి ఈ చుట్టుపక్కల తండాల్లో, ఊళ్లలో ఎవరికి షుగరుందో, ఎవరి బీపీ బిళ్ళ ఎప్పుడు మారిందో నాకు చాలావరకు తెలుసు. అట్లాంటి నాకు మా సొంత బావ సంగతి తెలియలేదు.

పోయిన ఏడాది దసరా వెళ్లిన మూడో రోజు. రాత్రి పదకొండున్నర దాటాక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడా, మీ బావ పలుకుతలేడు. ఛాతిల బరువున్నదంటే నాలిక కింద బిళ్ళ పెట్టిన. పది నిమిషాలు కాలే, చెమటలు పోసి కూలబడ్డడు."

అక్కవాళ్లది గుర్రంపోడు వైపు ఊరు. ఐదెకరాల బత్తాయి తోట. బావకు యాభై తొమ్మిదేళ్లు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో స్టెంట్ వేశారు. ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని అక్కడి డాక్టరే సార్బిట్రేట్ బిళ్ళలు రాసిచ్చారు. అక్క ఆ బిళ్ళలను పసుపు కుంకుమ పెట్టె పక్కనే పెట్టుకునేది, చీకట్లో వెతికినా దొరకాలని. ఆమె చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. దాన్ని ఆమెకు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

108లో నల్లగొండకు తీసుకొచ్చారు. నేను అక్కడికి చేరేసరికి బీపీ 70, కింద 40. కాళ్లు ఎత్తి పెట్టారు, సెలైన్ పోతోంది. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ఈసీజీ చూసి, మందుల చీటీలు చూసి, అక్క వైపు తిరిగి సూటిగా అడిగింది. "అమ్మా, ఈ రాత్రి ఆయన మగతనం మందు ఏదైనా వేసుకున్నారా? సిగ్గుపడొద్దు. నాకు తెలియాలి."

అక్క నేల చూసింది. నాకూ ఏమనాలో తోచలేదు. అప్పుడు బావ చొక్కా నా చేతి మీదే ఉంది. అంబులెన్స్‌లో విప్పి అక్క చేతికిచ్చారు, అక్క నాకిచ్చింది. ఊరికే తడిమితే జేబులో ఏదో గరగరలాడింది.

చిన్న ప్లాస్టిక్ కవరు. లోపల కాగితంలో చుట్టిన పొట్లం. కవరు మీద గుర్రం బొమ్మ అతికించిన స్టిక్కరు, "నూరు శాతం మూలికలు" అనే మాట, ఒక ఫోన్ నంబరు. కంపెనీ పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ లేదు, తేదీ లేదు. విప్పితే మట్టిరంగు పొడి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు పెన్నేరు, అంటే అశ్వగంధ వాసన, వెనక శొంఠి ఘాటు. ట్యూబులైట్ కింద కాగితం వంచి చూశాను. ఆ మడతల్లో, పొడి జారిపోయిన చోట, తెల్లగా సన్నటి చార ఉంది. వేరు దంచితే పీచు వస్తుంది, గరుకు వస్తుంది. ఈ తెలుపు గోరుతో గీస్తే ముగ్గుపిండిలా మెత్తగా ఉంది.

డాక్టరమ్మ దాన్ని చూసి నర్సుతో వెంటనే అన్నది: "ఈయనకు నైట్రేట్ ఏదీ ఇవ్వకండి. నలభై ఎనిమిది గంటల వరకు వద్దని కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాయండి." నైట్రేట్ అంటే సార్బిట్రేట్ జాతి మందులే. తెల్లవారుజామున నాలుగింటికి బీపీ 100కు వచ్చింది. బావ కళ్లు తెరిచి, చొక్కా ఎక్కడని అడిగాడు.

మందుల వాడిని కాబట్టి ఆ రాత్రి ఏం జరిగిందో నాకు అర్థమైంది. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి. సిల్డెనాఫిల్ అనే మందు గురించి అందరూ విన్నదే, వయాగ్రా అన్న పేరుతో. దాన్ని మొదట గుండె నొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షించారు. అనుకున్నంత ఫలితం రాలేదు గానీ, ఆ పరీక్షల్లో ఉన్న మగవాళ్లు వేరే మార్పు ఒకటి చెప్పారు. అలా అది దారి మారి, 1998 మార్చిలో అమెరికాలో అంగస్తంభన సమస్యకు మందుగా అనుమతి పొందింది. అదే ఏడాది వైద్యంలో నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి వచ్చింది. మన ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రక్తనాళాలను వదులు చేస్తుందని కనిపెట్టినందుకు. సిల్డెనాఫిల్ పనిచేసేది ఆ వాయువు వేసిన దారిలోనే. సార్బిట్రేట్ పనిచేసేదీ ఆ దారిలోనే. చిక్కంతా అక్కడే ఉంది.

చెరువు లెక్కన చెబుతాను. సార్బిట్రేట్ వాగు నీళ్లను చెరువులోకి వదులుతుంది. సిల్డెనాఫిల్ అలుగును మూసేస్తుంది. ఏదో ఒకటే అయితే చెరువు తట్టుకుంటుంది. రెండూ ఒకే రాత్రి జరిగితే కట్ట తెగుతుంది. ఒంట్లో ఉన్న రక్తనాళాలన్నీ ఒక్కసారిగా వదులై, బీపీ పాతాళానికి పడిపోతుంది. అందుకే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల లోపు, దాని జాతిదే అయిన టాడలాఫిల్ అయితే 48 గంటల లోపు నైట్రేట్ మందు ఇవ్వకూడదు. ప్రతి డాక్టరుకూ తెలిసిన విషయం ఇది. కానీ మనిషి పొట్లం దాచుకుంటే డాక్టరు ఏం చేయాలి? భార్య ఏం చేయాలి?

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి బావతో తోటకు వెళ్లాను. మోటారు గది పక్కన మంచం వాల్చుకుని కూర్చున్నాం. చాలాసేపు నీళ్ల సంగతి, కాయ రాలడం సంగతి మాట్లాడి, ఆయనే మొదలుపెట్టాడు.

"నీ షాపుకే రావాల్సింది. ఎట్లొస్త? నువ్వు మా ఇంటోళ్ల తమ్మునివి."

హైవే మీద ఒక ఊళ్లో లాడ్జి ఉందట. నెలకోసారి అక్కడ క్యాంపు పెడతారట. బస్టాండు మూత్రశాల గోడ మీద అంటించిన కాగితంలో నంబరు చూసి వెళ్లాడు. నాడి చూశారు, నాలుక చూశారు, "నరాలు చచ్చిపడ్డయి" అన్నారు. నలభై రోజుల కోర్సు ఆరు వేలు. బీపీ చూడలేదు, షుగర్ అడగలేదు, వేరే ఏ మందులు వాడుతున్నావని అడగలేదు.

"మందు మాత్రం పనిచేసింది బామ్మర్ది, అబద్ధమెందుకు. తాగిన గంటకే. కాకుంటే మొఖమంత ఎర్రగయ్యేది, చెవులు కాలేది, ముక్కులు మూసుకపోయేది. ఒకసారి బల్బు చుట్టు నీలంగ కనిపించింది. వేడి చేసిందనుకొని మజ్జిగ తాగేటోన్ని."

ముఖం ఎర్రబడటం, తల బరువు, ముక్కు దిబ్బడ, చూపులో నీలం రంగు. సిల్డెనాఫిల్ డబ్బాలో మడిచి పెట్టే కాగితంలో అచ్చు ఇవే ఉంటాయి. నేను వేల సార్లు చూసిన కాగితం. వేరూ, గింజా, చెక్కా సాధారణంగా ఇట్లా గంటలో పనిచేయవు. మన వైద్యంలో ఏ పెద్దాయన్ని అడిగినా మండలం రోజులు మందు వాడు, పథ్యం ఉండు అంటాడే తప్ప రాత్రికి చూడు అనడు. గంటలో పనిచేసిందంటే, అది ఇంగ్లీషు మందే. చెట్టు వేషం వేసుకుని వచ్చింది. ఎన్ని మిల్లీగ్రాములో కలిపినవాడికీ తెలియదు. డాక్టర్లు 25, 50, 100 అని కొలిచి రాసే మందును వాడు చెంచాతో కలుపుతాడు.

ఇది మన దగ్గరే జరుగుతున్న మోసమని కూడా అనుకోవద్దు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 వరకు కల్తీ అని పట్టుకున్న సప్లిమెంట్లు 776 ఉన్నాయని 2018లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క చెప్పింది. వాటిలో 353 శృంగార శక్తి కోసం అమ్మినవే. ఆ 353లో 166 వాటిలో సిల్డెనాఫిల్ దొరికింది. "సహజం", "మూలికలు" అని రాసి ఉన్న డబ్బాలే. పరీక్షలో దొరక్కుండా ఆ మందు అణువును కొంచెం అటూ ఇటూ మార్చి కలిపేవాళ్లు కూడా ఉన్నారు. మనిషి మీద ఎన్నడూ పరీక్షించని రసాయనం అది, నేరుగా కడుపులోకి పోతుంది.

నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. ఆరేళ్ల కిందటి వరకు నా షాపులో గాజు అలమారలో బంగారు రంగు డబ్బాల క్యాప్సూళ్లు ఉండేవి. మార్జిన్ బాగా వచ్చేది. డబ్బా మీద ఉన్నది ఫుడ్ లైసెన్స్ నంబరు, పద్నాలుగు అంకెలది. ఉప్పు ప్యాకెట్ మీద, బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండేదీ అదే రకం నంబరు. అది మందు లైసెన్స్ కాదని నాకు తెలుసు. అయినా అమ్మాను. ఎవరికైనా ఏమైనా అయిందో లేదో ఈరోజు నేను చెప్పలేను. ఆ అలమారలో ఇప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టాను.

ఇంత రాశానని నాకు మూలికల మీద చిన్నచూపు ఉందనుకోకండి. మా నాయనమ్మ పెన్నేరు గడ్డను పాలలో ఉడికించి, నీడన ఆరబెట్టి, దంచి జల్లెడ పట్టేది. బాలింతలకు పాలు పడాలని పిల్లిపీచర గడ్డలు తవ్వించేది. అశ్వగంధ అంటే గుర్రం వాసన అని అర్థం. పచ్చి వేరు విరిచి వాసన చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో వాజీకరణం, అంటే శృంగార శక్తికి చేసే వైద్యం, ఒకటి. వాజి అన్నా గుర్రమే. అందుకే ఈ పొట్లాలన్నిటి మీదా గుర్రం బొమ్మ. కానీ చరక సంహితలో ఆ అధ్యాయం సంతానం గురించి, పాలు నెయ్యి మినుములు లాంటి తిండి గురించి చాలా చెబుతుంది. వాజీకరణాలన్నిటిలో మేలైనది మనసును సంతోషపెట్టే స్త్రీ అని కూడా అందులో ఉంది. లాడ్జిలో పొడి అమ్మేవాడు ఈ మాట ఎవరికీ చెప్పడు.

ఒక్కో మూలిక గురించి తెలిసినంత చెబుతాను. అశ్వగంధ మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. టెన్షన్ కొంత తగ్గడం, నిద్ర కొంత కుదరడం కనిపించాయి. టెన్షన్ వల్ల దెబ్బతిన్న మనిషికి అది పరోక్షంగా మేలు చేయవచ్చు. అదే అశ్వగంధతో కొద్దిమందికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. థైరాయిడ్ బిళ్ళ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ముట్టకూడదు. దూలగొండి కాయ చేనుగట్టు మీద తగిలితే ఒళ్లంతా దురద పుడుతుంది కదా, దాని గింజలో ఉన్నది లెవోడోపా. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు, డాక్టర్లు బిళ్ళగా ఇచ్చే మందు అదే. అంత బలమైన సరుకు ఉన్న గింజను అందాజాగా పిడికెడు దంచి తాగితే ఎట్లా? ఇక పల్లేరు. చెప్పులు లేకుండా తిరిగిన ప్రతివాడి కాలికీ గుచ్చుకున్నదే. జిమ్ముల్లో దాన్ని పెద్ద ధరకు అమ్ముతున్నారు, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను పెంచుతుందని. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ల మీద చేసిన పరీక్షల్లో అది పెరగలేదు. మూలికా వైద్యం కావాలనుకుంటే డిగ్రీ ఉన్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్లండి, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఆయన మీ బీపీ చూస్తాడు, మీరు వాడే మందుల చీటీ అడుగుతాడు. డబ్బా మీద తయారీ లైసెన్స్, బ్యాచ్ నంబరు, తయారుచేసిన వాళ్ల చిరునామా ఉంటాయి. ఏదైనా అయితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

తోటలో ఆ రోజు బావ అన్న మాటల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది.

"ఇది ఎన్నేండ్ల సంది బావా?" అని అడిగాను.

వేళ్ల మీద లెక్కపెట్టాడు. పెద్ద బిడ్డ పెళ్లయిన ఏడాది మొదలైందన్నాడు. అంటే స్టెంట్ వేయడానికి మూడేళ్ల ముందు.

నేను లేచి మోటారు గది చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. ఎందుకంటే ఇది పుస్తకాల్లో ఉన్న విషయమే. మర్మాంగానికి రక్తం తీసుకెళ్లే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటిది. గుండెకు వెళ్లేది మూడు నాలుగు మిల్లీమీటర్లు. కొవ్వు, షుగర్, బీపీ, బీడీ అన్నీ కలిసి నాళాలను పాడుచేయడం మొదలుపెడితే ముందు తెలిసేది సన్నటి నాళంలోనే. చివరి మడికి నీళ్లు అందకపోవడం చూసి కాలువలో పూడిక ఉందని రైతు ఎట్లా పసిగడతాడో అట్లా. చాలామంది మగవాళ్లలో అంగస్తంభన తగ్గిన రెండు నుంచి ఐదేళ్లలో గుండె జబ్బు బయటపడుతుందని డాక్టర్లు చెబుతారు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య మిగతావాళ్లకంటే పది పదిహేనేళ్లు ముందే రావచ్చు. బావ ఆనాడే నోరు తెరిచి చెప్పి ఉంటే ఒక బీపీ, ఒక షుగర్, ఒక కొలెస్ట్రాల్ పరీక్ష, ఒక ఈసీజీ చేయించేవాళ్లం. గుండె పంపిన కబురది. ఆ పొడి దాన్ని తొక్కిపెట్టింది. లాడ్జిలో డబ్బు తీసుకున్నవాడి మీద నాకు అసలు కోపం ఇందుకు. ఆరు వేలు పోతే పోయాయి.

సిగ్గుపడాల్సినంత అరుదైన జబ్బా అంటే అదీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద చేసిన అధ్యయనం 1994లో అచ్చయింది. అందులో 52 శాతం మందికి ఎంతో కొంత ఈ సమస్య ఉంది. ఇద్దరిలో ఒకరు. మా బస్టాండులో బస్సు కోసం కూర్చున్న నడివయసు మగవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

కుర్రాళ్ల బాధ వేరు. మొన్న వానాకాలంలో డిగ్రీ చదివే తండా పిల్లవాడు ఒకడు వచ్చాడు. పక్కకు రమ్మని, సీసా ఒకటి చూపించాడు. లేహ్యం. తల్లి పత్తి ఏరిన కూలి డబ్బుల్లోంచి నాలుగు వేలు పెట్టి కొన్నాడు. "ధాతువు పోతుందన్నా. మనిషిని సన్నబడుతున్న. మందిచ్చినాయన ఇంక పెండ్లికి పనికిరానన్నడు." చెబుతుంటే వాడి పెదవి వణికింది. కౌంటర్ తలుపు తీసి లోపల స్టూలు మీద కూర్చోబెట్టాను. నిద్రలో వీర్యం పోవడం వయసొచ్చిన మగపిల్లల్లో చాలామందికి జరిగేదే. వీర్యంలో చాలా భాగం ప్రోస్టేట్, దాని పక్క గ్రంథులు ఊరించే ద్రవం. అందులో శుక్రకణాల వాటా చాలా తక్కువ, వాటిని ఒళ్లు రోజూ తయారుచేస్తూనే ఉంటుంది. నూరు బొట్ల నెత్తురు కలిస్తే ఒక బొట్టు వీర్యం అవుతుందనే మాటకు ఆధారం లేదు. ఈ భయానికి వైద్యంలో పేరే ఉంది. డాక్టర్ ఎన్.ఎన్.విగ్ అనే మానసిక వైద్యుడు 1960లో దీన్ని ధాత్ సిండ్రోమ్ అన్నాడు. అంటే ఈ పిల్లవాడికి ఉన్నది దిగులు, దానికి చికిత్స ఉంది. పొద్దున లేచేసరికి అంగం గట్టిగా ఉంటోందా అని అడిగాను. ఉంటోందన్నాడు. అయితే నరాలు, రక్తనాళాలు బాగానే ఉన్నట్టు, తలలో భయం తీరాలి అని చెప్పి, మానసిక వైద్యుల ఓపీ రోజు కనుక్కుని పంపించాను. మళ్లీ వచ్చినప్పుడు సీసా గురించి ఎత్తలేదు, డిగ్రీ పరీక్షల గురించి మాట్లాడాడు.

ఇట్లాంటి ప్రకటనలు చట్టం ప్రకారం చెల్లవు. 1954లోనే మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. లైంగిక శక్తి పెంచుతామని మందుకు ప్రచారం చేయడం దాని కింద నేరం. డెబ్బై ఏళ్లు దాటింది. బస్టాండు గోడల మీద కాగితాలు అట్లాగే ఉన్నాయి, ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చాయి.

మా వైపు కల్లు సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఈ రెంటినీ కలిపి ఆలోచించరు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం అందరికీ తెలిసిన గోడు. అవి మత్తు మందులు, నిద్ర మందులు. రోజూ సాయంత్రం అది తాగే మనిషికి కోరికా, పట్టూ రెండూ సడలుతాయి. ఆ మనిషే మర్నాడు బలం మందు కోసం వెతుకుతాడు. తాగేది ఆపితేనే దారి. అయితే ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, అందుకని డాక్టరు దగ్గరుండి ఆపించాలి. బీపీకి, దిగులుకు వాడే బిళ్ళల్లో కొన్ని కూడా ఈ ఇబ్బంది తెస్తాయి. వాటిని మీ అంతట మీరు మానేయకండి. చెబితే డాక్టరు వేరే బిళ్ళకు మారుస్తారు. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ లాంటివి వాడేవాళ్లకు సిల్డెనాఫిల్ కలిస్తే కళ్లు తిరగవచ్చు, అదీ చెప్పాల్సిందే.

అక్క సంగతి చివరికి మిగిల్చాను, రాయడం కష్టంగా ఉండి.

ఆస్పత్రి నుంచి వచ్చాక నెల రోజులు ఆమె సార్బిట్రేట్ డబ్బా ముట్టుకోలేదు. చేత్తో తీయమంటే చేయి వణికేది. "నేనే చంపుకుందును తమ్ముడా" అనేది. ఒక రోజు బావ ముందే అన్నది, గట్టిగా, ఏడ్చుకుంటూ కాదు: "నాకొక్క మాట చెప్తే ఏమయితుండె? ముప్పై ఐదేండ్లు కాపురం చేసిన. ఆ మందు లేకుంటే నేను ఇల్లు ఇడిసి పోతుంటినా? ఎవ్వని కోసం తాగినవు అది?"

బావ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తర్వాత ముగ్గురం కలిసి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈసారి బావే నోరు తెరిచి చెప్పాడు, అక్క పక్కన కూర్చుని ఉండగానే. డాక్టరు తొందరపడకుండా విన్నాడు. నైట్రేట్ అవసరం ఉన్నంతకాలం సిల్డెనాఫిల్ జాతి బిళ్ళలు ఏవీ కుదరవని చెప్పాడు. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే దాంపత్యానికి గుండె తట్టుకుంటుందన్నాడు. ముందు మూడు నెలల షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ, పొద్దున పూట టెస్టోస్టిరాన్ పరీక్ష రాశాడు. బీడీ పూర్తిగా మానమన్నాడు. మందు లేకుండా వాడే పరికరాలు కూడా ఉన్నాయని, అవసరమైతే యూరాలజీ వాళ్లకు చూపిద్దామని అన్నాడు. పావుగంట పట్టింది మొత్తం. ఐదేళ్లు దాచిన విషయానికి పావుగంట.

మూడు నెలల షుగర్ ఎనిమిది పైన వచ్చింది. ఇప్పుడు మందులు సరిచేశారు. బావ పొద్దున్నే తోట చుట్టూ నడుస్తున్నాడు, బీడీ కట్ట అక్కే దాచిపెట్టి రోజుకొకటి తగ్గిస్తూ వచ్చి, సంక్రాంతి నాటికి ఆపించింది.

నా షాపులో కౌంటర్ వెనక ర్యాక్ చాటున రెండు స్టూళ్లు వేశాను. ఎవరైనా గొంతు తగ్గిస్తే లోపలికి రమ్మంటాను. మూడే అడుగుతాను. గుండెకు ఏమైనా వాడుతున్నారా, నాలుక కింద బిళ్ళ ఇంట్లో ఉందా, పొడి గానీ లేహ్యం గానీ క్యాప్సూల్ గానీ ఏమైనా తింటున్నారా. చీటీ లేకుండా ఆ బిళ్ళలు ఇవ్వను, అవి షెడ్యూల్ హెచ్ మందులు. కొందరు కోపంగా వెళ్లిపోతారు. కొందరు స్టూలు మీద కూర్చుని జేబులోంచి పొట్లం తీస్తారు. తీసినప్పుడు దాన్ని వెలుతురులో పెట్టి, కాగితం మడతల్లో తెల్ల చార ఉందేమో చూస్తాను.

పోయిన ఆదివారం బావ షాపుకు వచ్చాడు. బత్తాయిలు ఒక సంచి నిండా తెచ్చాడు. చొక్కా జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆయన వాడే మందులన్నీ సొంత చేత్తో రాసుకున్న చీటీ. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ బిళ్ళ, బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళలు రెండు, నాలుక కింది బిళ్ళ. అడుగున ఒక గీత గీసి దాని కింద అక్క రాత: "పొడులు ఏమీ లేవు. అడిగి చూసిన."